వెల్లుల్లి – ఆహారంగా, ఔషధంగా

'తల్లి చేయని మేలు ఉల్లి చేయును' అన్న సామెత తెలియని తెలుగువారు లేరు. ఆ ఉల్లికి తోబుట్టువు వెల్లుల్లి. తెలంగాణ పల్లెలలో దీనిని ఎల్లిపాయ, ఎల్లిగడ్డ అని పిలుస్తారు. పోపులో రెండు రెబ్బలు పడనిదే చారుకు రుచి రాదనుకునే ఇండ్లు ఎన్నో ఉన్నాయి. ఇంతగా పరిచయమైన ద్రవ్యాన్ని గురించి వేరుగా వ్యాసమెందుకని పాఠకులు అడుగవచ్చును. దానికి కారణం ఉంది.

ఇటీవల సెల్‌ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరే సందేశాలలో వెల్లుల్లికి లేని మహిమలు అంటగట్టబడుతున్నాయి. గుండె రక్తనాళాలలోని పూడికలు కరుగుతాయని, రక్తపోటు మాత్రలతో ఇక పనిలేదని ప్రచారం జరుగుతున్నది. "పరగడుపున నాలుగు రెబ్బలు మింగుతున్నాను, ఇక మాత్రలు మానవచ్చునా?" అని నన్ను అడిగేవారి సంఖ్య పెరుగుతున్నది. వెల్లుల్లి ఆహారంగా చాలమందికి మేలు చేసేదే. ఔషధంగా వాడేటప్పుడు మాత్రం శరీరతత్త్వం, మోతాదు, ఋతువు, వాడుతున్న ఇతర మందులు చూచుకొని వాడవలెను. ఈ భేదాన్ని గృహస్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోనే గుణం

సంస్కృతంలో దీనికి లశునమని, రసోనమని పేర్లు. మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం అను ఆరు రసాలలో ఆమ్లరసం ఒక్కటి తప్ప తక్కిన అయిదూ ఇందులో ఉన్నందున 'రసము ఊనమైనది', అనగా ఒక రసం తక్కువైనది అను అర్థంలో రసోనమన్నారు. మూలంలో కటువు, ఆకులో తిక్తం, కాడలో కషాయం, కాడ చివర లవణం, విత్తనంలో మధుర రసం ఉన్నాయని భావప్రకాశం వివరించింది. ఘాటైన వాసనవల్ల ఉగ్రగంధమనియు, గొప్ప ఔషధమగుటచే మహౌషధమనియు మరికొన్ని పేర్లు ఉన్నాయి.

లశునం స్నిగ్ధ, తీక్ష్ణ, గురు గుణాలు కలది. ఉష్ణవీర్యం. వాతకఫములను హరించును, పిత్తమును పెంచును. జఠరాగ్నిని రగుల్కొల్పును. చరకసంహిత సూత్రస్థానంలో దీనిని క్రిములను, వాతమును, గుల్మమును పోగొట్టునదిగా పేర్కొన్నారు. వాతకఫహరమని విన్నవెంటనే అందరికీ మంచిదే అనుకోరాదు. పిత్తమును పెంచునన్న మాటను కూడా దానితో కలిపి చదువుకోవలెను.

ప్రాచీన గ్రంథాలలో

అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ఒక కథ ఉంది. అమృతం తాగిన రాహువు కంఠాన్ని విష్ణువు ఖండించినపుడు భూమిమీద రాలిన అమృత బిందువులే రసోనమయ్యాయట. రాక్షసుని దేహంనుండి పుట్టినది కనుక ద్విజులు దీనిని తినరు. అమృతంనుండి పుట్టినది కనుక ఇది రసాయనం. ఒకే ద్రవ్యానికి నిషేధం, ప్రశస్తి రెండూ ఎట్లు వచ్చినవో ఆ గ్రంథం ఇట్లు సమన్వయించింది.

శిశువుల, స్త్రీల చికిత్సకు ప్రసిద్ధమైన కాశ్యపసంహితలో లశునకల్పమని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మధ్య ఆసియాలోని కుచా ప్రాంతంలో 1890లో బోవర్ అను ఆంగ్ల సైన్యాధికారికి దొరికిన ప్రాచీన సంస్కృత వ్రాతప్రతి మొదటి భాగం లశునాన్ని గురించిన శ్లోకాలతోనే మొదలవుతుంది. వెల్లుల్లి తినని బ్రాహ్మణులకు అందులో ఒక ఉపాయం చెప్పారు. ఆవును మూడు రాత్రులు దాదాపుగా గడ్డి లేకుండా ఉంచి, తరువాత వెల్లుల్లి కలిపిన మేత పెట్టి, ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి సేవించవచ్చునట! ఆచారాన్ని కాపాడుకుంటూనే ఔషధాన్ని అందుకోవాలన్న ఆనాటివారి ఆరాటం ఇందులో కనిపిస్తుంది.

ఆధునిక పరిశోధన

పగలగొట్టని వెల్లుల్లి రెబ్బకు అంత వాసన ఉండదు. నలిపినపుడే ఘాటు పుట్టుకొస్తుంది. రెబ్బలో అల్లీన్ అను గంధక సంబంధమైన పదార్థం ఒక అరలోను, అల్లినేజ్ అను ఎంజైము వేరొక అరలోను ఉంటాయి. నలగగొట్టినపుడు ఈ రెండూ కలిసి అల్లిసిన్ తయారగును. దీనిని 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అను శాస్త్రజ్ఞులు వేరుచేసి, సూక్ష్మక్రిములను అణచే శక్తి దీనికి ఉన్నట్లు చూపారు.

దీనినిబట్టి గృహిణులు ఒక ముఖ్య విషయం గ్రహించవచ్చును. వేడి తగిలితే ఎంజైము నశించును. కనుక రెబ్బలను నలగగొట్టి, పది నిమిషాలు పక్కన ఉంచి, ఆ తరువాత పొయ్యిమీద వేయడం మేలు. ఒలిచిన వెంటనే కాగిన నూనెలో వేసి నల్లగా మాడ్చితే మిగిలేది రుచి మాత్రమే. నమలకుండా మాత్రవలె మింగే రెబ్బ కూడా నలగదు గనుక దానినుండి అల్లిసిన్ సరిగా పుట్టదు.

ఇక గుండె సంగతి. రక్తపోటు అధికంగా ఉన్నవారిలో వెల్లుల్లి కొంతమేరకు తగ్గుదల కలిగించినట్లు కొన్ని పరిశోధనలు తెలుపుతున్నాయి. కొలెస్టరాల్ విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. 2007లో ప్రచురితమైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో 192 మందికి ఆరు నెలలపాటు, వారానికి ఆరు రోజులు, పచ్చి వెల్లుల్లినో, దానితో చేసిన రెండు రకాల మాత్రలలో ఒకదానినో, లేక వెల్లుల్లి లేని ఉత్తుత్తి మందునో ఇచ్చి చూచారు. చెడు కొలెస్టరాల్ విషయంలో చెప్పుకోదగిన భేదం ఏ వర్గంలోనూ కనిపించలేదు. 2020లో కరోనా వ్యాపించినపుడు వెల్లుల్లి ఆ వ్యాధినుండి కాపాడుతుందన్న ప్రచారం జరుగగా, అందుకు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి వెల్లుల్లి సహాయకారి ద్రవ్యమే గాని సర్వరోగ నివారిణి కాదు.

నేనెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇటువంటి ప్రచారాన్ని నమ్మి రక్తపోటు మాత్ర మాని, పచ్చి వెల్లుల్లి మొదలుపెట్టాడు. ఒంట్లో ఏ బాధా కనిపించకపోవడంతో గుణమిచ్చిందనే అనుకున్నాడు. మూడు వారాలకు తలదిమ్ము వచ్చి పరీక్ష చేయించుకోగా, రక్తపోటు మునుపటికంటె బాగా పెరిగి ఉంది. వైద్యుడు మాత్రను మరల మొదలుపెట్టించి, వెల్లుల్లిని ఎప్పటివలె కూరలోనే తినమన్నాడు. రక్తపోటు చాలమందిలో బాధ తెలియనీయకుండా పెరుగును. ఒంట్లో బాగున్నదన్న ధీమాతో మాత్రలు మానరాదు.

ఆహారంగా వాడే పద్ధతులు

మన వంటలో వెల్లుల్లిని చేర్చిన తీరు ఆలోచించదగినది. బరువైన కందిపప్పుకు, పులుపైన గోంగూరకు, వాతమును పెంచే దుంపకూరలకు వెల్లుల్లి పోపు తోడవుతుంది. వానాకాలంలోను, చలికాలంలోను వేడి అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి మొదటి ముద్దగా తింటే ఆకలి పుట్టును. బాలింతలకు పథ్యంగా వెల్లుల్లి కారప్పొడి, వెల్లుల్లి వేసిన తెలగపిండి కూర పెట్టే ఆచారం మన ఇండ్లలో నేటికీ ఉంది. ప్రసవానంతరం వాతం ప్రకోపించునన్న శాస్త్రవచనానికి ఇది అనుగుణంగా ఉన్నది.

పచ్చి వెల్లుల్లి రోజుకు 2 నుండి 5 గ్రాములు పెద్దలకు సగటు మోతాదుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రచురించిన ఔషధ మొక్కల గ్రంథంలో పేర్కొన్నారు. నాటు వెల్లుల్లిలో ఇది ఇంచుమించు రెండు మూడు రెబ్బలు. పరగడుపున పచ్చిగా తినడంకంటె భోజనంలో భాగంగా తినడమే కడుపుకు మంచిది.

ఔషధంగా – లశున క్షీరపాకం

వాతగుల్మం, ఉదావర్తం, గృధ్రసి మొదలగు వ్యాధులలో వెల్లుల్లితో కాచిన పాలను చరకుడు చెప్పాడు. గృధ్రసి అనగా నడుమునుండి కాలిలోకి లాగే నొప్పి. క్షీరపాకానికి వాడుకలో ఉన్న కొలత: ద్రవ్యం ఒక భాగం, పాలు 8 భాగాలు, నీరు 32 భాగాలు.

ఇంట్లో చేసే విధం: ఒలిచిన వెల్లుల్లి 5 గ్రాములు తీసుకొని, రెబ్బల నడుమనున్న పచ్చని మొలకను తీసివేయవలెను. రెబ్బలను రాత్రి మజ్జిగలో నానవేసి ఉదయం కడిగితే ఘాటు, వాసన తగ్గును. వాటిని నలగగొట్టి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీరు కలిపి, సన్నని సెగమీద పాలు మాత్రం మిగిలేవరకు కాచి వడగట్టవలెను. గోరువెచ్చగా రోజుకు ఒకసారి, చలికాలంలో వారం పది రోజులకు మించకుండా సేవించవచ్చును. కడుపుబ్బరం, వాతంవల్ల కలిగే నడుమునొప్పి ఉన్నవారికి ఇది వాడదగినది. నొప్పి అప్పటికీ తగ్గకపోయినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా వైద్యుని చూడవలెను.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. వెల్లుల్లి తినేవారు వ్యాయామం, ఎండ, కోపం, అతిగా నీరు త్రాగడం, పాలు, బెల్లం విడువవలెనని భావప్రకాశం చెబుతున్నది. మరి పాలతో కాచడమెట్లు? పచ్చి లశునాన్ని మోతాదు పెంచుతూ సేవించే విధానానికి ఆ నియమమని నేను అర్థం చేసుకున్నాను. క్షీరపాకంలో రెబ్బ పూర్తిగా ఉడికి, పిప్పి వడగట్టబడును. కనుక తీక్ష్ణత తగ్గును. పచ్చి వెల్లుల్లి తిని వెంటనే పాలు త్రాగడం మాత్రం తగదు.

పైపూతకు: 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో ఏడెనిమిది రెబ్బలు, చెంచాడు వాము వేసి, రెబ్బలు ఎర్రబడేవరకు కాచి వడగట్టి, గోరువెచ్చగా మోకాళ్ళకు, నడుముకు మర్దన చేయవచ్చును. పచ్చి వెల్లుల్లిని నూరి చర్మంమీద కట్టరాదు. అరగంటలోనే బొబ్బలెక్కిన పసిపిల్లల మోకాళ్ళను నేను చూచాను. చెవిపోటుకు వెల్లుల్లి నూనె చుక్కలు వేయడం కూడా పరీక్ష లేకుండా చేయరాదు. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా అది హాని చేయును.

ఎవరు జాగ్రత్త వహించవలెను?

పిత్తప్రకృతి గలవారు, కడుపులో మంట, పుల్లత్రేన్పులు, జీర్ణాశయంలో పుండు ఉన్నవారు, ముక్కునుండి గాని, మొలలవల్ల గాని రక్తం పోయేవారు ఔషధ మోతాదులో వాడరాదు. వేసవిలో అందరూ తగ్గించవలెను. గర్భిణులు కూరలో తినే వెల్లుల్లితో సరిపెట్టుకోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మందులతో కలియిక. వెల్లుల్లికి రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించే గుణం ఉంది. వార్ఫారిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారు పచ్చి వెల్లుల్లిని ఎక్కువగా తిన్నా, వెల్లుల్లి మాత్రలు వాడినా రక్తస్రావ ప్రమాదం పెరగవచ్చును. శస్త్రచికిత్స నిర్ణయమైనవారు కనీసం వారం రోజుల ముందునుండి ఔషధ మోతాదులో వెల్లుల్లిని మానవలెను. పళ్ళు తీయించుకునేవారు కూడా ముందుగా వైద్యునికి తెలుపవలెను. పోపులో వేసే ఒకటి రెండు రెబ్బలకు ఇంత భయం అక్కరలేదు.

నిల్వ చేయడంలో మెళకువ

పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి వంటింటి గట్టుమీద రోజులతరబడి ఉంచరాదు. గాలి తగలని నూనె అడుగున బొట్యులిజం అను ప్రాణాంతక వ్యాధిని కలిగించే క్రిమి పెరిగి విషాన్ని పుట్టించగలదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వచేసిన వెల్లుల్లివల్ల 36 మంది ఈ వ్యాధి పాలయ్యారు. ఈ విషం చేరిన పదార్థానికి రంగు, వాసన మారవలెనన్న నియమం లేదు. నూనె కలిపి నూరిన అల్లం వెల్లుల్లి ముద్దను ఫ్రిజ్‌లోనే ఉంచి, మూడు నాలుగు రోజులలో వాడుకోవలెను. మన వెల్లుల్లి ఆవకాయకు ఈ ప్రమాదం లేకపోవడానికి కారణం అందులోని పులుపు, ఉప్పు. కనుక వాటిని తగ్గించి ఆవకాయ పెట్టరాదు. ఒలవని వెల్లుల్లిపాయలను గాలి ఆడే బుట్టలో, తేమ తగలనిచోట ఉంచితే చాలును.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఇంట్లో పెద్దవారికి ఔషధ మోతాదులో వెల్లుల్లి ఇవ్వదలచినపుడు, వారు వాడే మాత్రల పేర్లను ముందుగా ఒక కాగితంమీద వ్రాసుకొని వైద్యునికి చూపండి. రక్తపోటును, చక్కెరను ఎప్పటివలె పరీక్ష చేయిస్తూ ఉండండి. పరీక్షలో మేలు కనిపించినా, మాత్ర తగ్గించడం వైద్యుని సలహామీదనే జరుగవలెను.