క్యాంపస్ సీటు వదలకు

శ్రావణీ,

పీజీసెట్‌లో నీకు మంచి ర్యాంకు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి విశాఖపట్నం రావాలా, ఇంటికి దగ్గరని అక్కడే ఏదో ప్రైవేటు కాలేజీలో చేరాలా అని ఎటూ తేల్చుకోలేకపోతున్నావట. నా మాట ముందే చెప్పేస్తున్నాను. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొస్తే వదలకు. కాకపోతే అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలుసుకుని మరీ రా.

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు తొందరపడకు తల్లీ. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలు వేరు, క్యాంపస్ కాలేజీ వేరు. పట్టా మీద పేరు ఒకటే కావచ్చు గానీ మంచి ల్యాబులు, పెద్ద లైబ్రరీ, రీసెర్చ్ చేసే మాస్టార్లు ఎక్కువగా ఉండేది క్యాంపస్‌లోనే. అందులోనూ రెగ్యులర్ సీట్లు, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు అని రెండు రకాలు. ఫీజులో బాగా తేడా ఉంటుంది. ముందు రెగ్యులర్ సీట్లన్నీ పెట్టి, ఆ తర్వాతే మిగతావి పెట్టు. ఇక స్పెషలైజేషన్ సంగతి. అందరూ ఆర్గానిక్ అంటున్నారని నువ్వూ అదే పట్టుకోకు. పరవాడ, అచ్యుతాపురం మందుల కంపెనీల్లో ఆర్గానిక్ వాళ్లకి గిరాకీ ఉన్నమాట నిజమే. కానీ ఆ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో అనలిటికల్ వాళ్లు లేకపోతే పని నడవదు. డిగ్రీలో నీ చేతికి ఏ ప్రాక్టికల్ బాగా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకో.

నువ్వు చేరబోయే చోటు ఎలాంటిదో కూడా చెప్తాను. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకి వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన తర్వాత 1931 నుంచి అయిదేళ్లు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, మళ్లీ కట్టమంచి వారే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి నిలబెట్టారు. అది ఆ కాలపు లక్ష! గణాంక శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన సి.ఆర్.రావు గారు ఎమ్మే లెక్కలు చదివింది ఇక్కడే.

నీకు అన్నిటికన్నా ముఖ్యంగా తెలియాల్సింది టి.ఆర్.శేషాద్రి గారి గురించి. 1930ల్లో వచ్చి కెమిస్ట్రీ విభాగాన్ని నడిపించారు. మన పొలాల్లో పూసే పత్తిపూలకి ఆ రంగు ఏ పదార్థాల వల్ల వచ్చిందో తేల్చే పని ఇక్కడే, విద్యార్థులతో కలిసి చేశారు. ఇప్పుడు నువ్వు చదివే ఎన్ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ అప్పటికి లేనే లేదు. పదార్థాన్ని విడదీసి, శుద్ధి చేసి, రియాక్షన్ తర్వాత రియాక్షన్ చేసుకుంటూ దాని నిర్మాణం పట్టుకునేవారు. ఆ పేపర్లు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో ఉన్నాయి. చేరిన మొదటి నెలలోనే ఒకటి తీసి చదువు. సగం అర్థమైనా చాలు. ఏ విభాగంలో అడుగుపెట్టావో తెలుస్తుంది.

ఇక దొరకని వాటి సంగతి. రాష్ట్ర యూనివర్సిటీలన్నిట్లోనూ అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఇదీ అందుకు మినహాయింపు కాదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పేదింటి పిల్లలు పెద్ద చదువు చదవగలిగే చోటు ఇదే, ఇక్కడే మాస్టారు లేకపోతే ఎలా? దాని ఫలితం నీ మీదా పడుతుంది. ఇంటర్‌లో లాగా ఎవరూ వెంటపడి చదివించరు, రాలేదేమని ఇంటికి ఫోన్ చెయ్యరు. అడిగినవాళ్లకే దొరుకుతుంది. ల్యాబు విషయమే తీసుకో. ఎన్ఎంఆర్ స్పెక్ట్రమ్ కాగితం మీద చూసి ఏ పీక్ ఎక్కడుందో బట్టీపట్టడం వేరు, శాంపిల్ ట్యూబులో పోసి మెషీన్‌లో పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడడం వేరు. రీసెర్చ్ స్కాలర్లతో కలుపుగోలుగా ఉండు. “అక్కా, ఈసారి రన్ చేసేటప్పుడు నన్నూ పిలవండి” అంటే కాదనేవాళ్లు తక్కువ.

వి.ఎస్.కృష్ణా లైబ్రరీకి రోజూ సాయంత్రం వెళ్లే అలవాటు చేసుకో. నెట్ పరీక్షకి మొదటి సెమిస్టర్ నుంచే చదవాలి. అందులో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి మీ నాన్న మీద రూపాయి భారం పడదు.

హాస్టల్లో మెస్సు బిల్లు డివైడింగ్ పద్ధతిలో వేస్తారు, అంటే నెల ఖర్చు అందరికీ పంచుతారు. ఏ నెలకి ఎంతొస్తుందో ముందు తెలీదు కాబట్టి కొంత డబ్బు చేతిలో ఉంచుకో. తిండి నచ్చని రోజున మీ పెద్దమ్మ ఉంది.

కులం, ఆదాయం సర్టిఫికెట్లకి సచివాలయంలో రేపే అర్జీ పెట్టించు, ఆలస్యమైతే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఇబ్బంది. స్టడీ సర్టిఫికెట్లు, మెమోలు, టీసీ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, ఒరిజినల్స్ ఇచ్చేముందు అయిదారు సెట్లు జిరాక్స్ తీయించు. చేరే ముందురోజే బయల్దేరి రా. బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా పోకుండా మద్దిలపాలెంలో దిగిపో, నేను వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న