బకెట్లో చచ్చిన గుల్ల

కైకలూరు చుట్టుపక్కల చెరువుల నీళ్లు పరీక్షిస్తూ బతికినవాణ్ణి. గుల్లలకి ఏ మందు, ఎంత వెయ్యాలని వచ్చే కుర్రాళ్లకి చెప్పే మాటలివి.

1. ముందు గుల్లేదో చూడు. అడుగు బురదలో సగం దిగి ఉండే ఆల్చిప్ప మనదే. నీళ్లు వడగట్టుకుని తింటుంది, దానితో పేచీ లేదు. తూము గోడకీ పైపులకీ పీచుతో గుత్తులుగా అంటుకునే పరాయి జాతులతోనే తంటా. వాటిలో నల్లచారలది 1967లోనే విశాఖ రేవులో కనబడింది. పుట్టిల్లు అమెరికా ఖండం తీరాలు. ఉప్పు కలిసిన నీళ్లంటే దానికి ఇష్టం గనుక, ఉప్పుటేరు వైపు వాళ్లు పడవలూ వలలూ గమనించుకోవాలి.

2. ఏ మందైనా చెరువులో వేసేముందు బకెట్లో గుల్లల మీద పరీక్షించు. మందు తగలగానే గుల్ల మూసుకుంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. బ్లీచింగ్ సోకితే రోజుల తరబడి పెంకు బిగించుకుని ఉండగలదు. సాయంత్రానికి కదలడం లేదని "చచ్చాయి" అని రాసేస్తారు. నోరు తెరుచుకుని ఉండి, పుల్లతో తాకినా మూయకపోతేనే చచ్చినట్టు. ఆపైన మంచినీళ్లలోకి మార్చి ఇంకొన్నాళ్లు చూడాలి. కొన్ని తేరుకుంటాయి, కొన్ని అప్పుడు చస్తాయి. పక్కన మందు లేని బకెట్టొకటి తప్పనిసరి. అందులోవీ చస్తుంటే మందు గొప్పతనమేం లేదు.

3. కుళాయి నీళ్లతో చేసిన పరీక్ష కాగితానికే పనికొస్తుంది. చెరువు నీళ్లే ముంచు. బురదా నాచూ క్లోరిన్‌ని తినేస్తాయి. మైలుతుత్తానికి ఆల్కలినిటీ చూడాలి. దాన్ని వందతో భాగిస్తే వచ్చేదే మామూలుగా వాడే పీపీఎం. ఆల్కలినిటీ 50కి దిగువైతే అసలు ముట్టుకోవద్దు. ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే, ఒక పీపీఎంకి 4 కిలోలు. అంటే 200 ఆల్కలినిటీకి 8 కిలోలు. ఆ మోతాదుకి నాచు చస్తుంది, పెంకు బిగించిన ముదురు గుల్ల చావాలని రూలేం లేదు. చచ్చిన నాచు కుళ్లితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఎవరడిగినా నేను మైలుతుత్తం రాయను.

4. పొటాష్ సంగతి వేరు. 2006లో వర్జీనియాలోని మిల్‌బ్రూక్ క్వారీ గుంటలో జీబ్రా గుల్లల్ని దానితోనే తుడిచిపెట్టారు, చేపలు బతికాయి. మన చెరువుకి అదే లెక్క పనిచేస్తుందని మాత్రం అనుకోకు, బకెట్టు పెట్టి చూడు. పరాయి గుల్లకీ మన ఆల్చిప్పకీ తేడా పొటాష్‌కి తెలీదు.

5. తలుపు లేని నీళ్లలో మందు పొయ్యొద్దు. నల్లచారల గుల్లే 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవుకి చేరితే, పడవలు నిలిపే బేసిన్ల లాకు గేట్లు మూసి, బ్లీచూ మైలుతుత్తమూ పోసి వారాల్లో వదిలించుకున్నారు. గేట్లుండబట్టే కుదిరింది. కొల్లేటికి గేటేది? బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడుతుంటాయి, నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంటాయి. పైగా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా కాలవ పొడవునా అదే మాట. నీ సొంత చెరువైనా తూము మూసి వేసుకో. నీళ్లలో మందు విరిగేదాకా వాటిని కాలవలోకి వదలకు.

6. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టు, నేల నెర్రెలిచ్చేదాకా. తూము గోడ గీకించు. వల ఎండలో ఆరేశాకే పక్క చెరువుకి పంపు.