ర్యాంకు రాని విద్య

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పెట్టింది పేరు. చంపాపేట్ నుండి అటు వెళుతూ బోర్డులు చదువుకుంటూ పోతే గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, కంప్యూటర్ కోర్సులు, ఇంగ్లీషు మాట్లాడటం... ప్రతి బోర్డూ ఒక ఉద్యోగాన్నో, ర్యాంకునో చూపించి పిలుస్తుంది. వాటి మధ్య, ఏ మెట్ల పక్కనో, "కీబోర్డు, గిటారు, వయొలిన్, వీణ నేర్పబడును" అనే చిన్న బోర్డు కనిపిస్తుంది. అది ఏ వాగ్దానమూ చేయదు. అందుకే కాబోలు, పిల్లలను చేర్పించే ముందు తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. "ఇది నేర్చుకుంటే ఏమొస్తుంది ఫాదర్?" అని నన్ను అడిగినవారు చాలామంది. ప్రశ్న న్యాయమైనదే. ఫీజు కట్టేది వారు, సాయంత్రం ట్రాఫిక్‌లో పిల్లను దింపి, మళ్ళీ తీసుకురావలసిందీ వారే. ఈ వారం ఆ ప్రశ్ననే కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

వెంటనే చెప్పగల జవాబు ఒకటుంది: సర్టిఫికెట్ వస్తుంది. లండన్ ట్రినిటీ కళాశాలవారి పరీక్షలు మన నగరంలోనూ జరుగుతున్నాయి. ఒకటి నుండి ఎనిమిది వరకు గ్రేడులు. శాస్త్రీయ సంగీతం కావాలనుకున్నవారికి రాంకోఠీలో 1952లో వెలసిన త్యాగరాయ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. పరీక్ష ఉంటే పిల్లలు క్రమం తప్పకుండా సాధన చేస్తారు, అది మేలే. చిక్కు ఎక్కడంటే, "మా అమ్మాయి మూడో గ్రేడు ఫాదర్" అని గర్వంగా చెప్పే తండ్రి ఆ అమ్మాయి ఏ పాట బాగా వాయిస్తుందో చెప్పలేకపోవడంలో ఉంది.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. సుమారు ఇరవై మూడు శతాబ్దాల క్రితం అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం ఎనిమిదవ భాగంలో సరిగ్గా దీనినే చర్చించాడు. వినిపించడానికి వృత్తి కళాకారులు ఉండగా పిల్లలు స్వయంగా వాయించడం ఎందుకు నేర్చుకోవాలి? ఆయన జవాబు ఇది: తాను చేతులతో చేయనివాడు ఆ పనిలోని మంచిచెడ్డలను నిర్ణయించగలగడం అసాధ్యం, కాకపోతే బహు కష్టం. కాబట్టి పిల్లలు వాయించాలి, అయితే పోటీల కోసం కాదు. మంచి బాణీలో, మంచి లయలో ఆనందం పొందగలిగేంతవరకు. పసిపిల్లల విషయంలో ఆయనకు ఇంటి అనుభవం కూడా ఉన్నట్టుంది. ఆర్కిటస్ కనిపెట్టిన గిలక్కాయను మెచ్చుకుంటూ, అది చేతికిస్తే పిల్లలు ఇంట్లో సామాను పగలగొట్టరని రాశాడు. పెద్ద పిల్లలకు చదువే గిలక్కాయ అట.

ఇంత చక్కగా ఆలోచించినవాడే, వృత్తిగా వాయించేవారిని మాత్రం తక్కువగా చూశాడు. ఈ దోషం గ్రీకులకే పరిమితం కాదు. డప్పు, సన్నాయి లేకుండా మన ఊళ్ళలో పెళ్ళి జరిగేది కాదు. వాటిని వాయించిన చేతులకు మాత్రం వేరే గ్లాసు, వేరే పంక్తి. సంగీతాన్ని మెచ్చుకుంటూ సంగీతకారుణ్ణి దూరంగా నిలబెట్టిన మనం అరిస్టాటిల్‌ను తప్పుపట్టేముందు కొంచెం తడుముకోవాలి. పిల్లలను వాద్యం నేర్చుకోనిస్తే కలిగే మేళ్ళలో ఇదీ ఒకటి: ఆ పని ఎంత కష్టమో తెలిసినవాడు దాన్ని చేసేవారిని చిన్నచూపు చూడడు.

ఇంతకూ మొదటి నెలల్లో జరిగేదేమిటి? కర్ణాటక పద్ధతిలో అయితే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలతో మొదలు. అదే వరుసను మూడు కాలాలలో వాయించాలి. రెండవ కాలం మొదటిదానికి రెట్టింపు వేగం, మూడవది రెండవదానికి రెట్టింపు. కొత్తగా చేరిన పెద్దవారు ఎవరిని చూసినా మూడవ కాలానికి భయపడతారు. నిజానికి కష్టం మొదటి కాలంలోనే. నెమ్మదిగా వాయించేటప్పుడు ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య ఉన్న ఖాళీ అంతా బయటపడుతుంది. వేగం ఆ లోపాలను దాచిపెడుతుంది. అందుకే తొందరపడేవాడు త్వరగా తృప్తి పడిపోతాడు.

వాద్యాన్నిబట్టి బాధలు కూడా మారుతుంటాయి. గిటారు పట్టినవాడికి మొదటి వారాల్లో ఎడమచేతి వేళ్ళ కొనలు మంట పుడతాయి. అక్కడి చర్మం గట్టిపడేదాకా అంతే. మృదంగం పిల్లవాడు "త ధి తొం నం" అనే నాలుగు దెబ్బలతోనే రోజుల తరబడి కాలం గడపాలి. వయొలిన్ అన్నిటికన్నా నిర్దాక్షిణ్యం. దాని మీద మెట్లు లేవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేది చెవి ఒక్కటే. కమాను ఒత్తిడి ఎక్కువై, కదలిక తక్కువైతే గీరుమంటుంది. ఆ చప్పుడుకు పక్కింటివారు తలుపు వేసుకుంటారు. ఆ తలుపు చప్పుడు వినీ మరునాడు మళ్ళీ కమాను పట్టుకునే పిల్లవాడు స్వరంతోపాటు వేరే సంగతి కూడా నేర్చుకుంటున్నాడు.

ఇళ్ళలో సంగీతాన్ని నిజంగా నిలబెట్టినది మాత్రం హార్మోనియం పెట్టె. పంతొమ్మిదవ శతాబ్దం నడుమ పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబేన్ దానికి ఆ పేరు పెట్టినప్పుడు అది కాళ్ళతో తొక్కే పెద్ద వాద్యం. మన దేశానికి వచ్చాక, కింద కూర్చుని వాయించే మనకోసం, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు తిత్తిని వెనక్కి మార్చి చేతి హార్మోనియంగా మలచారు. ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మెట్లకు, నోరు పాటకు. పిల్లనగ్రోవి వంటి ఊదే వాద్యాన్ని అరిస్టాటిల్ వద్దన్న కారణాలలో ఒకటి, ఊదేవాడు మాట్లాడలేడని. హార్మోనియంతో ఆ ఇబ్బంది లేదు. 1885లో కడప సీమలో పుట్టిన సురభి నాటక సమాజం మొదలుకొని మన పద్యనాటకాలకు అది ఊపిరి అయింది. భజనలకూ, క్రైస్తవ కీర్తనలకూ, కవ్వాలీలకూ అదే పెట్టె. హైదరాబాదు వంటి ఊరిలో ఇది చిన్న విషయం కాదు.

ఈ పెట్టెకు శిక్ష కూడా పడింది. 1940 మార్చి నుండి సుమారు మూడు దశాబ్దాలు ఆకాశవాణి దాన్ని నిషేధించింది. కోపానికి కారణం ఉంది. హార్మోనియంలో ప్రతి మెట్టుకూ ఒక ఇత్తడి రీడు. దాని స్వరం బిగిసిపోయి ఉంటుంది. గాత్రంలాగా, వీణ తీగలాగా ఒక స్వరం నుండి మరో స్వరానికి జారడం, ఊగడం – మనం గమకం అనేది – దానికి చేతకాదు. పైగా స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోశారు. షడ్జం నుండి పై షడ్జం వరకు 1200 కొలతలు అనుకుంటే, తంబురా ధ్వనిలో సహజంగా వినిపించే అంతర గాంధారం 386 దగ్గర ఉంటుంది. మెట్ల వాద్యంలో అది 400. ఈ 14 కొలతల తేడా మామూలు చెవికి మొదట అందదు. ఏడాది పాటు శ్రుతి పెట్టుకుని సాధన చేసినవారికి మాత్రం చెప్పులో రాయిలా తగులుతుంది. నా మట్టుకు నాకు నిషేధించినవారి వాదన సంగీతపరంగా సరైనదే, తీర్పు మాత్రం తప్పు. గమకం పలకకపోయినా లక్షలమందికి శ్రుతి అంటే ఏమిటో చెప్పిన మొదటి గురువు ఆ పెట్టే.

దేవాలయంలో కూడా వాద్యాలకు ఇటువంటి చరిత్రే ఉంది. 1903 నవంబరు 22న, సంగీతకారుల పాలకురాలు పునీత సిసిలియా పండుగనాడు, పునీత పదవ భక్తినాథ పోపుగారు (పదవ పయస్) వెలువరించిన శాసనం దేవాలయంలో పియానోను, డోలు, తాళాల వంటి మోత వాద్యాలను నిషేధించింది. అరవై ఏళ్ళకు, 1963 డిసెంబరులో, రెండవ వాటికన్ మహాసభ దైవార్చన పత్రం పైపు ఆర్గనుకు గౌరవస్థానం ఇస్తూనే, తగిన ఇతర వాద్యాలకూ, ఆయా జాతుల సంగీత సంప్రదాయాలకూ తలుపు తెరిచింది. ఈనాడు మన విచారణలలో తబలా, డోలక్, డప్పు నిస్సంకోచంగా మోగుతున్నాయంటే కారణం అదే. అవి వాయించేవారిలో ఎక్కువమంది వృత్తి కళాకారులు కారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఆటో నడుపుతారు, ఒకరు ఇంటర్ చదివే కుర్రవాడు.

ఈ కుర్రవాడి గురించే నా దిగులు. ఇప్పటి కీబోర్డులో శ్రుతి మార్చే బటన్ ఉంది, లయ దానంతటదే కొట్టే బటన్ ఉంది. తెల్లమెట్ల మీద ఒక్క వరుస నేర్చుకుంటే చాలు, ఎవరు ఏ శ్రుతిలో పాడినా బటన్ నొక్కి సరిపెట్టవచ్చు. స్త్రీలు ఐదున్నర శ్రుతిలో ఎత్తుకుంటే అది ఉపకారమే; నేను కాదనను. కానీ తానున్న శ్రుతి ఏదో తనకే తెలియని స్థితి వస్తుంది. ఆ కుర్రవాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతే తరువాతి మెట్టు ఫోనులో ట్రాకు పెట్టడం. ట్రాకు తప్పు వాయించదు, అది నిజం. కానీ ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ పల్లవి చివర రెండు క్షణాలు ఎక్కువ సాగదీస్తే ట్రాకు ఆగదు. దాని దారిన అది పోతుంది. సగం నేర్చిన హార్మోనియం మనిషి ఆగుతాడు. తిత్తిని కొంచెం బిగబట్టి, ఆమె ఊపిరి తీసుకున్నాక తరువాతి చరణం ఎత్తుతాడు. "ఏమొస్తుంది" అన్న తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇదే: ఎదుటివాడిని వింటూ పని చేయడం వస్తుంది.

దీనికి గురువు కావాలి. యూట్యూబులో చూసి నేర్చుకునేవారు ఇప్పుడు చాలామంది. కొందరు బాగానే వాయిస్తున్నారు. అయితే ఫోను చూపించగలదు గాని మన తప్పు వినలేదు. వాయించడం వల్లనే మంచి వాద్యకారుడూ, చెడ్డ వాద్యకారుడూ ఇద్దరూ తయారవుతారని అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో అన్నాడు. తప్పు వేలితో వేయిసార్లు వాయిస్తే ఆ తప్పే స్థిరపడుతుంది.

ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించను. చిన్నతనంలో నేర్చుకుని, పెద్దయ్యాక వాయించడం మానవచ్చునని, తీర్పు చెప్పే శక్తి నిలిస్తే చాలునని ఆయన అభిప్రాయం. మన ఇళ్ళలో ఆ మానడం తొమ్మిదో తరగతిలోనే జరిగిపోతోంది. "పదో తరగతి కదా ఫాదర్, ఎంట్రెన్సు అయ్యాక చూద్దాం" అంటారు. కీబోర్డు గుడ్డ కప్పుకుని బీరువా ఎక్కుతుంది. పరీక్షలయ్యాక చేతికి తీసుకుంటే వేళ్ళకు దారి గుర్తుండదు, సిగ్గు వేస్తుంది, మళ్ళీ బీరువా మీదికే. పూర్తిగా ఆపకండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలకన్నా అది మేలు. ఆ పదిహేను నిమిషాలూ పాత పాఠమే వాయించనివ్వండి.

నలభై దాటినవారు కూడా అడుగుతుంటారు, ఇప్పుడు వస్తుందా అని. చిన్నపిల్లల వేళ్ళంత చురుకు రాదు. కానీ పిల్లవాడికి లేనిది పెద్దవారికి ఒకటుంది: తనకు నచ్చిన పాట ఏదో తెలుసు. దాన్ని వెతుక్కుంటూ వాయిస్తారు. చంపాపేట్ వైపు ఒక కుటుంబ ప్రార్థనలో, పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మూడే మూడు పాటలు వాయించారు. ఆయనకు వచ్చినవి ఆ మూడే. నాలుగో పాటకు పెట్టె మూసి అందరితో కలిసి పాడారు.

కొనదలచినవారికి చివరిగా ఒక మాట. పాత హార్మోనియం దొరికితే ముందు బిళ్ళలన్నీ మూసి, మెట్టు ఏదీ నొక్కకుండా తిత్తిని నింపి చూడండి. గాలి వెంటనే దిగిపోతే లోపల చిల్లు ఉన్నట్టే. తరువాత ప్రతి మెట్టునూ విడిగా నొక్కి వినండి, పలకని రీడు ఏదో తెలుస్తుంది. వానాకాలంలో తేమ తగలనీయకండి, ఎలుకలకు తిత్తి తోలు అంటే ఇష్టం. మెరుగు పూత చూసి ధర ఒప్పుకోవద్దు. వెంట వాయించడం తెలిసిన మనిషిని ఒకరిని తీసుకువెళ్ళండి.