రెండు కేబుళ్లు కలిపితే స్పీడ్ రెండింతలవుతుందా?

క్లౌడ్ ల్యాబ్ వైవాలో "లింక్ అగ్రిగేషన్ అంటే ఏంటి?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "రెండు ఒక గిగాబిట్ పోర్టుల్ని కలిపి రెండు గిగాబిట్లు చేయడం సార్." సగం మార్కులు వస్తాయి. న్యాయంగా రావాల్సింది కూడా సగమే.

అసలు అవసరం స్పీడ్ దగ్గర మొదలవదు. మామూలు పీసీకి కేబుల్ ఊడితే ఒక మనిషి పని ఆగుతుంది. ప్రాక్స్‌మాక్స్ నడిచే ఒక హోస్ట్ మీద ఇరవై వీఎంలు ఉన్నాయనుకోండి. క్లిప్ విరిగిన కనెక్టర్ కాస్త కదిలితే చాలు, ఇరవై వీఎంలూ ఒకేసారి నెట్‌వర్క్ నుంచి మాయం. ఆ టైంలో ల్యాబ్ ఎగ్జామ్ జరుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే రెండు కేబుళ్లు వేసి, రెండింటినీ ఒకే లింక్‌లా చూపిస్తాం. లినక్స్‌లో దీని పేరు బాండింగ్. మన మాటలో బంధం అనుకోవచ్చు, అర్థం చక్కగా సరిపోతుంది.

స్విచ్, సర్వర్ మాట్లాడుకుని ఈ బంధాన్ని ఏర్పరచుకునే పద్ధతి ఎల్ఏసీపీ. ఐ ట్రిపుల్ ఈ వాళ్లు 2000లో 802.3 ఏడీ పేరుతో దీన్ని ప్రమాణంగా తెచ్చారు. 2008లో 802.1 ఏఎక్స్ కిందకి మార్చారు. లినక్స్ మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తుంది, మనం ఊరి బస్టాండ్‌ని పాత పేరుతో పిలిచినట్టు.

ఇప్పుడు స్పీడ్ సంగతి. మెస్‌లో రెండు కౌంటర్లు పెట్టి, రోల్ నంబర్ సరి అయితే ఒకటి, బేసి అయితే ఇంకొకటి అన్నారనుకోండి. మొత్తం జనం తొందరగా తినేస్తారు. కానీ నీ ఒక్కడి ప్లేటు రెండింతల వేగంతో నిండదు. పైగా నలుగురు సరి నంబర్ల వాళ్లు ఒకేసారి వస్తే, పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా నలుగురూ ఒకే లైన్లో నిలబడాలి. బాండింగ్ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. ఒక సంభాషణకి చెందిన ప్యాకెట్లన్నీ ఒకే కేబుల్ మీద వెళ్తాయి, ఎందుకంటే రెండు కేబుళ్ల మీద పంచితే అవతల వరస తప్పి చేరతాయి, టీసీపీ కంగారుపడుతుంది. కాబట్టి ఒక వీఎం నుంచి ఒక పెద్ద ఫైల్ కాపీ చేస్తే రెండు కేబుళ్లున్నా సుమారు 940 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంది.

ఏ కేబుల్ అని తేల్చేది హాష్ పాలసీ. లినక్స్‌లో డిఫాల్ట్ లేయర్2. పంపేవాడి మాక్ అడ్రస్ చివరి బైట్, అందుకునేవాడి చివరి బైట్, ప్యాకెట్ టైప్ నంబర్, ఈ మూడింటినీ ఎక్స్ఓఆర్ చేసి కేబుళ్ల సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటుంది. చేసి చూద్దాం. నాలుగు వీఎంల చివరి బైట్లు హెక్స్‌లో 12, 14, 16, 18. అందరూ బయటికి వెళ్లేది గేట్‌వే ద్వారానే, దాని చివరి బైట్ 01. ఎక్స్ఓఆర్ చేస్తే 13, 15, 17, 19. ఐపీవీ4 టైప్ నంబర్ 0800 సరి సంఖ్య, కాబట్టి సరి-బేసి లెక్క మారదు. అన్నీ బేసి, శేషం అన్నిటికీ 1. నాలుగు వీఎంలూ ఒకే కేబుల్ మీద, రెండోది ఖాళీ! లేయర్2+3 పెడితే ఐపీ అడ్రస్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. లేయర్3+4లో పోర్ట్ నంబర్లు కూడా చేరి ఇంకా బాగా పంచుతుంది, కాకపోతే ముక్కలైన ప్యాకెట్ల విషయంలో వరస తప్పే అవకాశం ఉంది. నా ఓటు మామూలు ల్యాబ్ సర్వర్‌కి లేయర్2+3కే.

ఇదంతా హోస్ట్ నుంచి బయటికి వెళ్లే దారి. తిరుగు దారిలో ఏ కేబుల్ అన్నది స్విచ్ తన సొంత హాష్‌తో తేల్చుకుంటుంది. అందుకే అక్కడి సెట్టింగ్ కూడా చూడాలి.

బాండింగ్‌లో 0 నుంచి 6 దాకా ఏడు మోడ్‌లున్నాయి. వీఎం హోస్ట్‌కి గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే: మోడ్ 4 ఎల్ఏసీపీ, మోడ్ 1 యాక్టివ్-బ్యాకప్. స్విచ్ మేనేజ్డ్ కాకపోతే మోడ్ 1 పెట్టేయండి. ఒకటి పనిచేస్తుంది, ఒకటి కాపలా కాస్తుంది, స్విచ్‌కి ఏమీ చెప్పక్కర్లేదు. నిజానికి చాలా ల్యాబ్‌లకి ఇదే చాలు. 0, 5, 6 మాత్రం వీఎం బ్రిడ్జ్ కింద వద్దు.

ప్రాక్స్‌మాక్స్‌లో అమరిక కింద నుంచి పైకి ఇలా: రెండు నెట్‌వర్క్ కార్డులు, వాటి మీద బాండ్0, దాని మీద బ్రిడ్జ్ వీఎంబీఆర్0, ఆ బ్రిడ్జ్‌కి వీఎంలు. హోస్ట్ ఐపీ అడ్రస్ బ్రిడ్జ్ మీదే ఉండాలి, కార్డుల మీద కాదు, బాండ్ మీద కాదు. వీఎం లోపల మళ్లీ బాండింగ్ చేయనవసరం లేదు. ఒకే హోస్ట్‌లోని రెండు వీఎంలు ఒకే బ్రిడ్జ్, ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఆ ట్రాఫిక్ అసలు కేబుల్ దాకా రాదు. మిమాన్ విలువ 100 పెట్టండి. అంటే 100 మిల్లీసెకన్లకోసారి లింక్ ఉందా లేదా అని చూస్తుంది. సున్నా అయితే చూడనే చూడదు. ఈ మార్పులు దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో చేయకుండా సర్వర్ ముందు మానిటర్ పెట్టుకుని చేయడం మంచిది. నెట్‌వర్క్ మీద కూర్చుని నెట్‌వర్క్ మార్చడం, కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే.

స్విచ్ వైపు ఆ రెండు పోర్టుల్ని ఒకే గ్రూపులో, ఎల్ఏసీపీ యాక్టివ్‌గా పెట్టాలి. రెండు వైపులా పాసివ్ అయితే ఎవరూ మాట మొదలుపెట్టరు (మన క్లాసులో కొన్ని ప్రేమకథల్లాగే). రెండు కేబుళ్లని రెండు వేర్వేరు స్విచ్‌లకి పెట్టాలంటే అవి స్టాకింగ్‌లోనో ఎమ్‌ల్యాగ్‌లోనో కలిసి ఉండాలి, లేదంటే మోడ్ 1కే రావాలి. వీఎంవేర్ వాడేవాళ్లకి ఒక మాట: మామూలు వీస్విచ్‌లో ఎల్ఏసీపీ ఉండదు, డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ కావాలి.

అయ్యాక చూడాల్సింది ప్రాక్ డైరెక్టరీలో నెట్, అందులో బాండింగ్ కింద ఉండే బాండ్0 ఫైల్. పార్ట్‌నర్ మాక్ అన్నీ సున్నాలుగా కనిపిస్తే స్విచ్ మాట్లాడట్లేదన్నమాట. రెండు కార్డులకీ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉండాలి. తర్వాత ఒక వీఎం నుంచి పింగ్ నడుస్తుండగా ఒక కేబుల్ పీకండి. ఒకటో రెండో ప్యాకెట్లు పోతే ఫర్వాలేదు. కేబుల్ తిరిగి పెట్టగానే రెండోది పీకేయకండి. ఫైల్‌లో ఐడీలు మళ్లీ ఒకటయ్యాయని చూసుకున్నాకే దాని మీద చెయ్యి వేయండి.