ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు

చూపులేని ఒక అక్కకు ఫోను వచ్చింది.

"అమ్మా, మీ పింఛను పెరిగింది. ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు చెప్పండి" అన్నాడొకడు.

అక్క చెప్పలేదు. ఫోను పెట్టేసింది. శిక్షణలో విన్న మాట ఆమెకు గుర్తుంది. మన ఖాతాలో డబ్బు పడడానికి ఓటీపీ అక్కర్లేదు. పిన్ను కూడా అక్కర్లేదు. ఫోను చేసి అవి అడిగేవాడు దొంగే.

ఫోనులో 'టాక్‌బ్యాక్' ఉంటుంది. అది తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుంది. ఓటీపీని కూడా పైకే చదువుతుంది. పక్కవాళ్ళు వింటారు. అందుకే ఇయర్‌ఫోను పెట్టుకోవాలి.

సాయం చేసేవాళ్ళకైనా పిన్ను చెప్పొద్దు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. బ్యాంకుకూ చెప్పాలి. మాట్లాడలేనివాళ్ళు తోడు మనిషి చేత చేయించాలి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

చదవండి, రాయండి: ఓటీపీ, పిన్ను, ఖాతా, 1930.