చిన్న తొట్లలో ద్రావణ సేద్యం: నీటి కదలిక, వాయు ప్రసరణ

మొక్కల పోషణను అధ్యయనం చేయడానికి ఐదు, పది లీటర్ల ప్లాస్టిక్ తొట్లలో పోషక ద్రావణం నింపి మొక్కలు పెంచడం పరిశోధనశాలల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఇందులో లవణాలను మిల్లీగ్రాముల వరకు తూచి కలుపుతారు గాని, ద్రావణంలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడం అరుదు. అక్వేరియం పంపు బుడగలు వదులుతుంటే చాలునని భావిస్తారు. ఆక్సిజన్ కొరవడితే వేర్ల శ్వాసక్రియ మందగించి, పోషకాల గ్రహణకు కావలసిన శక్తి లభించదు. హోగ్లండ్ ద్రావణాన్ని ఎంత కచ్చితంగా తయారుచేసినా ఆకులు పసుపుబారతాయి. వేర్లు నీటిలోనే ఉన్నా మొక్క వాడిపోతుంది. దీనిని పోషక లోపంగా నమోదు చేస్తే ప్రయోగ నిర్ధారణే తప్పుతుంది.

ద్రావణంలో ఆక్సిజన్ నిల్వ

గాలితో సంతృప్తమైన మంచినీటిలో ఆక్సిజన్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 9.1 మి.గ్రా., 30 డిగ్రీల వద్ద 7.6 మి.గ్రా. ఉంటుంది. ఇదే పది డిగ్రీల పెరుగుదలకు వేర్ల శ్వాసక్రియ దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఎండాకాలంలో అవసరం పెరిగిన వేళకే నిల్వ తగ్గుతుంది.

30 డిగ్రీల వద్ద ఐదు లీటర్ల ద్రావణంలో ఉండేది 38 మి.గ్రా. ఆక్సిజన్ మాత్రమే. ఇది సుమారు 140 మి.లీ. గాలిలో ఉండే ఆక్సిజన్‌కు సమానం. వేర్లు గంటకు 5 మి.గ్రా. వాడుకుంటాయనుకుంటే, నాలుగు గంటలు విద్యుత్తు పోయి పంపు ఆగినపుడు సగానికి పైగా నిల్వ ఖర్చవుతుంది. వరి వేర్లలోని వాయు కణజాలం కాండం నుండి గాలిని కిందికి చేరవేస్తుంది కనుక ఆ పైరు తట్టుకుంటుంది. టమాట వంటి పైర్లు త్వరగా దెబ్బతింటాయి.

కదలిక ప్రాధాన్యం

నీటిలో ఆక్సిజన్ విసరణ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. నిశ్చలమైన నీటిలో వేరును అంటిపెట్టుకున్న పలుచని పొర త్వరగా ఆక్సిజన్‌ను కోల్పోతుంది. 20 సెం.మీ. లోతు తొట్టిలో బుడగ ఒకటి రెండు సెకన్లలోనే పైకి చేరుతుంది కనుక అది నేరుగా ఇచ్చే ఆక్సిజన్ పరిమితం. అడుగు నీటిని ఉపరితలానికి, ఉపరితలపు నీటిని వేర్ల మధ్యకు తిప్పడం దాని ముఖ్య ప్రయోజనం. ఒకే పరిమాణం గాలిని సగం వ్యాసం గల బుడగలుగా విడదీస్తే స్పర్శ వైశాల్యం రెట్టింపవుతుంది.

ఒకే పంపు, అనేక తొట్లు

ఒక పంపు నుండి పలు తొట్లకు గొట్టాలు కలిపినపుడు గాలి తక్కువ లోతు గల తొట్టిలోకి ఎక్కువగా వెళుతుంది. బాగా పెరిగే మొక్క ఎక్కువ నీరు పీల్చుకుంటుంది. మట్టం తగ్గిన ఆ తొట్టికే అదనపు గాలి చేరుతుంది. ఈ విధంగా పోషక మోతాదుల ప్రభావంతో వాయు ప్రసరణ ప్రభావం కలిసిపోతుంది. గణాంక విశ్లేషణ తరువాత వీటిని విడదీయలేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ప్రతి గొట్టానికి విడి వాల్వు అమర్చి, అన్ని తొట్లలో మట్టాన్ని రోజూ సమం చేయాలి. తొట్ల స్థానాలను యాదృచ్ఛికంగా నిర్ణయించాలి.

2. మూతకు, ద్రావణానికి మధ్య కొంత ఖాళీ ఉంచి, గాలి బయటికి పోవడానికి రంధ్రం వదలాలి. ఖాళీలోని వేర్లు గాలి నుండి నేరుగా ఆక్సిజన్ తీసుకుంటాయి.

3. నాచు పెరగకుండా, ద్రావణం వేడెక్కకుండా తొట్టి లోపలికి వెలుతురు చొరనీయరాదు. వెలుపల తెల్లని పూత వేయాలి.

4. లేత మొక్కల వేర్లకు నేరుగా కింద ఎయిర్ స్టోన్ ఉంచరాదు. తీవ్రమైన బుడగల ఒరిపిడికి అవి దెబ్బతింటాయి.

5. ద్రావణం బాగా వేడెక్కే మధ్యాహ్నం వేళ, వేర్ల గుబురు మధ్యన ఆక్సిజన్‌ను కొలవాలి. లీటరుకు 5 మి.గ్రా. కంటే తగ్గకుండా చూడాలి.

పోషక మోతాదులతో పాటు ద్రావణ ఉష్ణోగ్రతను, కరిగిన ఆక్సిజన్‌ను కూడా సిద్ధాంత వ్యాసంలోని ప్రయోగ పద్ధతుల అధ్యాయంలో నమోదు చేయాలి. ఆ రెండు అంకెలు లేనిదే, ఆకు పసుపుబారడానికి కారణం పోషక లోపమో, ఆక్సిజన్ కొరతో చదివేవారు నిర్ణయించలేరు.