మాటకు తడుముకొను బిడ్డ మొద్దు కాదు

ప్రతి బడిలోను ఇట్టి పిల్లలు ఒకరిద్దరు కనిపింతురు. "పలక తీసి, నిన్నటి లెక్క చూపి, వెనుక వరుసలో కూర్చుండుము" అని ఉపాధ్యాయుడు చెప్పినచో, వారు పలక తీసి అంతటితో నిలిచిపోవుదురు. కొత్త పదము ఎన్నిమార్లు చెప్పినను నోటికి రాదు. మనము వారిని మొద్దులనియు, సోమరులనియు అనుచుందుము. కాని వారిలో కొందరికి చెవి చక్కగా వినును, బుద్ధియు చక్కగా పనిచేయును. భాషను పట్టుకొను శక్తియందే లోపము కలదు.

దీనిని భాషాభివృద్ధి లోపమందురు. ఇంగ్లండు, అమెరికా దేశములలో జరిగిన పరిశీలనలలో, బడిలో చేరు వయసు పిల్లలలో నూటికి సుమారు ఏడుగురికి ఈ లోపమున్నట్లు తేలినది. అనగా ముప్పదిమంది గల తరగతిలో ఇద్దరు. కొన్ని కుటుంబములలో ఇది తరతరములుగా కానవచ్చును. పెంపకములోని తప్పు దీనికి కారణము కాదు.

లోపము ఎచ్చట నున్నది?

జ్ఞాపకశక్తి ఒక్కటి గాదు, పలు విధములు. కొత్త మాటను నేర్చుటకు ముందుగా దాని ధ్వనిని క్షణకాలము మనసులో నిలుపవలెను. అర్థములేని పొడవైన పదమును చెప్పి తిరిగి పలుకుమన్నచో ఈ పిల్లలు తడబడుదురని 1990లో గాథర్‌కోల్, బాడ్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చూపిరి. ధ్వని నిలువకమునుపే జారిపోవుచున్నది.

రెండవది, ఎవరును బోధింపకయే అలవాటుచే పట్టువడు ధారణ. బడికి, బడిలో, బడినుండి అను మాటల తేడాను తక్కిన పిల్లలు వినికిడి చేతనే గ్రహింతురు. ఈ ధారణ బలహీనమైనందుననే ఇట్టి పిల్లలు వ్యాకరణమున తడబడుదురని 2005లో ఉల్మన్, పియర్‌పాంట్ అను వారు ప్రతిపాదించిరి. అయితే కంటితో చూచినది చాలమందికి మేలుగా జ్ఞాపకముండును. బోధన ఆ దారినే సాగవలెను.

ఇంటను, బడిలోను చేయదగినవి

ఒక్కసారికి ఒక్క పనియే చెప్పుడు. వస్తువును చూపుచు పేరు చెప్పుడు. కొత్త పదమును ఒకేనాడు ఇరువదిసార్లు వల్లింపజేయుటకంటె, దినమునకు కొన్నిసార్లు చొప్పున పలుదినములు వాడుట మేలు. బిడ్డ "అమ్మ బడి పోయె" అన్నచో తప్పని గద్దింపక, "అవును, అమ్మ బడికి పోయినది" అని సరియైన మాటను వినిపింపుడు. జవాబునకు వ్యవధి నిండు.

ఒక హెచ్చరిక. అరకు, పాడేరు ప్రాంతములలో ఇంటిలో కువి, ఒడియా మున్నగు భాషలు మాటాడు బిడ్డ తెలుగు బడిలో మౌనముగా నున్నంతమాత్రమున లోపమున్నట్లు కాదు. ఇంటిభాషలోను తడబాటున్నదా యని తల్లిని అడుగవలెను.

పరీక్ష ఎప్పుడు? ఎచ్చట?

రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను "మేనమామ పోలిక, తానే మాటాడును" అని ఉపేక్షింపరాదు. మొట్టమొదట వినికిడిని పరీక్ష చేయింపవలెను. 2013లో ఆరంభమైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద సంచార వైద్యబృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఒకసారి పరీక్షింపవలసియున్నది. భాషాలోపము, అభ్యసన లోపము రెండును ఆ పరీక్షలలో చేరినవే. అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బృందము వచ్చు దినమును అంగన్‌వాడీ కార్యకర్తనడిగి తెలిసికొనుడు.

నేరుగా పోదలచువారికి విశాఖపట్టణము అందుబాటులో నున్నది. ఆనందపురము, చోడవరము, శృంగవరపుకోట మున్నగు చోట్లనుండి బస్సులు ద్వారకా నగర్‌లోని ప్రాంగణమునకు చేరును. అచ్చటినుండి మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రికిని, వాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికిని పోవచ్చును.

ఈ లోపము ఒక మందుతో పోవునది కాదు. కాని త్వరగా గుర్తించి ఓర్పుతో నేర్పినచో బిడ్డ చదువు సాగును. మొద్దు అన్న ముద్ర పడినచో బడియే మానును. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఆ మాటను విడిచి, ఈ ఏడే పరీక్ష చేయింతురు గాక!